పెద్దవాళ్ళ ఈత బ్యాచ్: ఒకే గంటలో, ఒకే పూల్‌లో, మూడు స్థాయిలవాళ్ళతో వర్కవుట్ నడపడం ఎలా?

బ్యాచ్‌లో పదిహేను మంది ఉంటారు. వాళ్ళలో ఒకాయన ఆగకుండా కిలోమీటరు ఈదేస్తారు. ఇంకొకావిడ ఒక్క లెంగ్త్ (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు) పూర్తి చేసి, గోడ పట్టుకుని నిలబడిపోతారు. ఇద్దరికీ కలిపి వర్కవుట్ ఎలా ఇవ్వాలి? అపార్ట్‌మెంట్ పూల్స్‌లో, మున్సిపల్ పూల్స్‌లో ఉదయం బ్యాచ్‌లు చూసుకునేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది.

అందరికీ ఒకే దూరం ఇవ్వకండి, ఒకే సమయం ఇవ్వండి. కింద చెప్పేదంతా ఈ పద్ధతిని పూల్‌లో అమలు చేయడం గురించే.

25 మీటర్ల పూల్, మూడు లేన్లు, 12 నుంచి 15 మంది, ఒక కోచ్, గంట సమయం ఉన్నాయనుకుని రాస్తున్నాను. బ్యాచ్‌లో ప్రతి ఒక్కరికీ కనీసం ఒక లెంగ్త్ ఎవరి సాయం లేకుండా ఈదడం రావాలి. అసలు ఈత రానివాళ్ళను ఇందులో కలపకండి, చివరి లేన్‌లో ఓ మూలన కూడా వద్దు. వాళ్ళకు నీళ్ళలో పక్కనే ఒక మనిషి ఉండాలి. మీరేమో గట్టు మీద ఉంటారు.

1. నీళ్ళలోకి దింపే ముందు అడగాల్సినవి

పెద్దవాళ్ళు ఆరోగ్యం సంగతులు తమంతట తాము చెప్పరు. అందరి ముందు అడిగితే అసలే చెప్పరు. ఒక కాగితం ఇచ్చి రాయించుకోండి. లేదా పక్కకు పిలిచి మెల్లగా అడగండి.

- బీపీ, గుండె జబ్బు ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు? బీటా బ్లాకర్లు వాడేవాళ్ళకు ఎంత కష్టపడినా గుండె వేగం పెద్దగా పెరగదు. వాళ్ళ విషయంలో వాచీలో కనిపించే అంకెను నమ్మకండి.
- షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నారా? దిగే ముందు చూసుకోమనండి. 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని, మళ్ళీ చూసుకుని దిగాలి. గట్టు మీద గ్లూకోజ్ ప్యాకెట్ ఎప్పుడూ ఉండాలి.
- ఆస్తమా ఉందా? ఇన్‌హేలర్ లాకర్‌లో కాదు, గట్టు మీద ఉండాలి.
- ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉందా? డాక్టర్ సరేనని రాసిచ్చేదాకా దింపకండి.
- భుజం, మోకాలు, మెడ, నడుము నొప్పులు? ఈ మధ్య ఆపరేషన్లు? చెవిలో చీము?

ఛాతీలో నొప్పి, కొంచెం నడిచినా ఆయాసం, కళ్ళు తిరగడం లాంటివి చెప్పినవాళ్ళను డాక్టర్ దగ్గరికి పంపండి. మొహమాటపడకండి.

2. భద్రత: చర్చకు తావులేని నియమాలు

వర్కవుట్ ఇస్తున్న కోచ్ లైఫ్‌గార్డ్ పని చేయలేడు. మీరు లేన్ 3లో ఒకరి చెయ్యి సరిచేస్తుంటే లేన్ 1 మీ వీపు వెనక ఉంటుంది. లైఫ్‌గార్డ్ వేరే మనిషి అయి ఉండాలి. ఆ మనిషి రాని రోజు సెషన్ లేదు.

- ఊపిరి బిగబట్టి నీళ్ళ అడుగున ఎంత దూరం వెళ్తామో చూసే పందేలు నిషేధం. ముందుగా గబగబా ఊపిరి తీసుకుని మునిగితే ఏ హెచ్చరికా లేకుండా నీళ్ళలోనే స్పృహ పోవచ్చు. బాగా ఈదేవాళ్ళకే ఇది ఎక్కువ జరుగుతుంది.
- తక్కువ లోతులో తలకిందులుగా దూకకూడదు. చిన్నప్పుడు బావుల్లో దూకిన అలవాటు ఉన్నవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. నాలుగడుగుల అపార్ట్‌మెంట్ పూల్ మెడ విరగ్గొడుతుంది.
- లోతు ఎక్కువ ఉన్నచోట అడుగు స్పష్టంగా కనపడకపోతే ఆ రోజు ఎవరూ దిగకూడదు.
- ఉరుము వినపడగానే అందరూ బయటికి రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.
- మీకు, లైఫ్‌గార్డ్‌కు సీపీఆర్ వచ్చి ఉండాలి. మునిగినవాళ్ళకు ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, నోటితో ఊపిరి కూడా ఇవ్వాలి. 108, 112 నంబర్లు, పూల్ పూర్తి చిరునామా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

3. ఎవరు ఏ లేన్: అడిగి కాదు, చూసి నిర్ణయించండి

"మీరు ఎంత బాగా ఈదుతారు?" అని అడిగితే వచ్చే సమాధానంతో ఉపయోగం ఉండదు. మగవాళ్ళు ఎక్కువ చెప్తారు, ఆడవాళ్ళు తక్కువ చెప్తారు. నేను చూసినంతలో దీనికి మినహాయింపులు బాగా తక్కువ. పరీక్ష పెట్టండి.

మొదట టేపుతో పూల్ కొలవండి. అపార్ట్‌మెంట్ పూల్స్ చాలావరకు 25 మీటర్లు ఉండవు. 18 ఉండొచ్చు, 21 ఉండొచ్చు. అలాంటిచోట మీటర్లు మర్చిపోయి లెంగ్త్‌లలోనే లెక్క వేయండి. "100 మీటర్లు" అన్నది అక్కడ లేని గోడ దగ్గర ఆగమని చెప్పడమే.

మొదటి రోజు: అందరినీ ఐదు నిమిషాలు ఈదించండి. అలసిపోతే గోడ దగ్గర ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఎన్ని లెంగ్త్‌లు అయ్యాయో లెక్కపెట్టండి. ఐదు నిమిషాల్లో 6 లెంగ్త్‌లు లేదా అంతకన్నా తక్కువ అయితే లేన్ 1, 7 నుంచి 9 అయితే లేన్ 2, 10 లేదా అంతకన్నా ఎక్కువ అయితే లేన్ 3. ఇవి మొదటి సర్దుబాటు కోసమే. మీ బ్యాచ్‌ను బట్టి గీతలు జరపండి.

రెండో వారం, లేన్ 2, 3 వాళ్ళకు: 400 మీటర్లు, బాగా విశ్రాంతి తీసుకున్నాక 200 మీటర్లు, రెండూ గట్టిగా ఈదించి టైమ్ రాసుకోండి. 400 టైమ్‌లోంచి 200 టైమ్ తీసేసి, వచ్చినదాన్ని రెండుతో భాగిస్తే, ఎక్కువసేపు నిలకడగా ఈదగలిగే వేగం 100 మీటర్లకు ఎంతో వస్తుంది. కోచ్‌లు దీన్నే సీఎస్‌ఎస్ (క్రిటికల్ స్విమ్ స్పీడ్) అంటారు. ఉదాహరణకు 400కు 9 నిమిషాల 20 సెకన్లు, 200కు 4 నిమిషాల 24 సెకన్లు పట్టిందనుకోండి. 560 లోంచి 264 తీసేస్తే 296. అందులో సగం 148. అంటే 100 మీటర్లకు 2 నిమిషాల 28 సెకన్లు.

లేన్ 1 వాళ్ళకు ఈ పరీక్ష వద్దు. వాళ్ళ టైమ్‌ను నిర్ణయించేది ఓపిక కాదు, ఊపిరి తీసుకునే పద్ధతి. అది సరిపడగానే అంకెలన్నీ మారిపోతాయి.

మన దగ్గర బ్యాచ్‌లలో కనిపించే మనుషులు దాదాపు నాలుగు రకాలు.

బావుల్లో, కాలువల్లో నేర్చుకున్నవాళ్ళు. కోనసీమ కాలువల్లోనో, విజయవాడ దగ్గర కృష్ణలోనో, తెలంగాణ పల్లెల్లో దిగుడు బావుల్లోనో బెండ్లు కట్టుకుని నేర్చుకుని ఉంటారు. నీళ్ళంటే భయమే ఉండదు, గంటసేపు తేలుతారు. కానీ తల పైకెత్తి ఈదుతారు, కాళ్ళు కత్తెర వేస్తారు. మొహం నీళ్ళలో పెట్టి 50 మీటర్లు ఈదమంటే రొప్పుతారు. వీళ్ళను లేన్ 1లో వేస్తే రెండోవారం నుంచి రారు. లేన్ 2లో పెట్టండి. వార్మప్‌లో సగం వాళ్ళకొచ్చిన ఈతే ఈదనివ్వండి, డ్రిల్స్‌లో (ఈతలో ఒక్కో భాగాన్నే విడిగా చేయించే సాధనలో) మాత్రం ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) ఇచ్చి కొత్తది నేర్పండి. బ్యాచ్‌లో ఎవరైనా కంగారుపడితే ముందుగా ధైర్యం చెప్పేది కూడా వీళ్ళే.

పాత స్విమ్మర్లు. స్కూల్లో, యూనివర్సిటీలో పోటీలకు వెళ్ళి, పదిహేనేళ్ళ తర్వాత తిరిగొచ్చినవాళ్ళు. టెక్నిక్ ఉంటుంది, భుజాల్లో పాత బలం ఉండదు. మొదటి వారంలోనే పాత టైమ్ కొట్టాలని చూసి భుజం నొప్పి తెచ్చుకుంటారు. నెల రోజులు ప్యాడిల్స్ (అరచేతులకు తొడిగే పలకలు) ఇవ్వకండి.

ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) వాళ్ళు. పరుగు, సైకిల్ బాగా వచ్చు. గుండె, ఊపిరితిత్తులు గట్టివి. చీలమండల కీళ్ళు బిర్రుగా ఉండడంతో కాళ్ళు కిందికి కుంగుతాయి. ఎప్పుడూ ఇంకా దూరం కావాలంటారు. దూరం కాదు, డ్రిల్స్ ఇవ్వండి.

నలభై దాటాక నేర్చుకున్నవాళ్ళు. కోచ్ చెప్పింది చెప్పినట్టు వింటారు, ఓపికగా చేస్తారు. కానీ కాళ్ళు అందని లోతులో ఆగాల్సివస్తుందేమోనని టెన్షన్. వీళ్ళ లేన్ గోడ పక్కదే ఉండాలి.

4. లేన్‌లో నడక: మొదటిరోజే నేర్పాల్సినవి

ఐదుగురు ఒక లేన్‌లో ఈదాలంటే వెళ్ళేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క ఉండాలి. కుడా, ఎడమా అన్నది ముఖ్యం కాదు. ఏదో ఒకటి బోర్డు మీద బాణం గీసి పెట్టండి.

- వేగంగా ఈదేవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక. వయసును బట్టో, హోదాను బట్టో కాదు.
- ఒకరి తర్వాత ఒకరు 10 సెకన్ల తేడాతో బయల్దేరాలి. లేన్ 3లో 5 సెకన్లు చాలు.
- దాటడం గోడ దగ్గరే. వెనకవాళ్ళు పాదం తాకితే ముందువాళ్ళు గోడ దగ్గర మూలకు జరిగి దారివ్వాలి.
- ఆగితే మూలన ఆగాలి, గోడ మధ్యలో కాదు. మధ్య భాగం తిరిగేవాళ్ళది.
- లేన్ 1లో నలుగురికి మించకూడదు.

ఇవి నీళ్ళలోకి దిగకముందే గట్టు మీద నడిపించి నేర్పవచ్చు. అందరినీ వరుసలో నిలబెట్టి, పది సెకన్ల తేడాతో నడిపించి, "గోడ దగ్గర" మలుపు తిప్పండి. నవ్వుకుంటారు, కానీ గుర్తుంటుంది.

5. సెట్ రాయడం: టైమ్ బిగించండి, దూరం వదలండి

సెట్ అంటే ఎంత ఈత, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విశ్రాంతి అని రాసిచ్చేది. కొత్త కోచ్‌లు ఎక్కువగా చేసే తప్పు ఇది. బోర్డు మీద "8 సార్లు 100 మీటర్లు" అని రాస్తారు. లేన్ 3 పదహారు నిమిషాల్లో ముగించి గట్టెక్కి కబుర్లు మొదలుపెడుతుంది. లేన్ 1 అప్పటికి నాలుగో దానిలో ఉంటుంది. వాళ్ళు తమ కోసం అందరూ ఎదురుచూస్తున్నారనుకుని సగంలో మానేస్తారు.

బదులుగా ఇలా రాయండి: ప్రతి 2 నిమిషాల 30 సెకన్లకు ఒకసారి బయల్దేరాలి, 8 సార్లు. మొత్తం 20 నిమిషాలు.

- లేన్ 1: 50 మీటర్లు. సుమారు నిమిషంన్నర ఈత, నిమిషం విశ్రాంతి. మొత్తం 400 మీటర్లు.
- లేన్ 2: 75 మీటర్లు. సుమారు నిమిషం 45 సెకన్ల ఈత, 45 సెకన్ల విశ్రాంతి. మొత్తం 600.
- లేన్ 3: 100 మీటర్లు. సుమారు నిమిషం 50 సెకన్ల ఈత, 40 సెకన్ల విశ్రాంతి. మొత్తం 800.

మూడు లేన్లూ ఒకే విజిల్‌కు బయల్దేరతాయి, ఒకేసారి ముగుస్తాయి. మీరు ఒక్క గడియారం చూస్తే చాలు. విశ్రాంతి సమయంలో అందరూ గోడ దగ్గర ఉంటారు కాబట్టి మాట్లాడటానికీ వీలు దొరుకుతుంది. 75 ఈదే లేన్ 2 వాళ్ళు ఒకసారి ఈ గోడ దగ్గర, ఒకసారి ఆ గోడ దగ్గర ఆగుతారు. మీరు గట్టు మధ్యలో నిలబడండి.

విశ్రాంతి ఎంత ఉండాలన్నది ఆ రోజు పనిని బట్టి:

- టెక్నిక్ రోజు: ఈదినంతసేపు విశ్రాంతి.
- ఓపిక పెంచే రోజు: 10 నుంచి 20 సెకన్లు. లేన్ 1కు ఇంకా ఎక్కువ.
- వేగం రోజు: ఈదిన దానికి రెండు మూడు రెట్లు.

ఎంత కష్టపడాలో 1 నుంచి 10 అంకెల్లో చెప్పండి. 3 అంటే ఈదుతూనే ఉండొచ్చనిపించేది. 6 అంటే గోడ దగ్గర చిన్న వాక్యాలు మాట్లాడగలిగేది. 9 అంటే మాట రానిది. గుండె వేగం లెక్కల కంటే ఇది నయం. నీళ్ళలో గుండె వేగం నేల మీద కంటే తక్కువే చూపిస్తుంది, పైగా మందులు వాడేవాళ్ళు ఉంటారు.

గడియారం సంగతి ఒకటి. కళ్ళజోడు తీసేశాక సగం మందికి గోడ గడియారం కనపడదు. సైట్ ఉన్న గాగుల్స్ దొరుకుతాయని చెప్పండి. అందాకా బయల్దేరే సమయాలను 30 సెకన్ల లెక్కలో పెట్టి, మీరే అరిచి చెప్పండి.

6. ఒక గంట సెషన్: నిమిషాల వారీగా

0 నుంచి 5, గట్టు మీద: భుజాలు, చీలమండలు తిప్పించండి. ఇవాళ ఏం చేస్తున్నామో, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. కొత్త నొప్పులు ఏమైనా ఉన్నాయా అని అడగండి.

5 నుంచి 14, వార్మప్: అందరికీ 9 నిమిషాలు. ఒక లెంగ్త్ ఫ్రీస్టైల్, ఒక లెంగ్త్ నచ్చిన ఈత. కష్టం 3. లేన్ 1 ప్రతి గోడ దగ్గరా 15 సెకన్లు ఆగాలి.

14 నుంచి 26, డ్రిల్స్: రెండే రెండు, ఒక్కొక్కటి 6 నిమిషాలు. ఒక లెంగ్త్ డ్రిల్, వెంటనే ఒక లెంగ్త్ మామూలు ఈత. డ్రిల్ వేరుగా, ఈత వేరుగా చేస్తే డ్రిల్‌లో నేర్చింది ఈతలోకి రాదు.

26 నుంచి 30: 4 సార్లు 25 మీటర్లు, నిమిషానికొకటి. మొదటి సగం నెమ్మదిగా, రెండో సగం వేగంగా. ఇక్కడ మూడు లేన్లకూ ఒకే దూరం. అందరూ కలిసి ఒకే పని చేసే నాలుగు నిమిషాలు బ్యాచ్‌కు అవసరం.

30 నుంచి 50, మెయిన్ సెట్: పైన చెప్పింది. లేదా కింది రెండింటిలో ఒకటి.

- మెట్ల సెట్: 1, 2, 3, 4, 3, 2, 1 నిమిషాల ఈత, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. మొత్తం 19 నిమిషాలు. విజిల్ వేయగానే దగ్గర్లోని గోడకు చేరాలి, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలు. స్థాయిలు మరీ దూరంగా ఉన్న బ్యాచ్‌కు దీన్ని మించింది లేదు.
- వేగం సెట్: 12 సార్లు 25 మీటర్లు, ప్రతి నిమిషం 15 సెకన్లకు ఒకటి. మొత్తం 15 నిమిషాలు. లేన్ 1 మొదటి సగమే గట్టిగా, మిగతాది తేలిగ్గా. మిగిలిన 5 నిమిషాలు నెమ్మది ఈత.

50 నుంచి 56: తేలిక ఈత, వీలైతే వెల్లకిలా. దీన్ని ఎగ్గొట్టి షవర్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, ఆపండి.

56 నుంచి 60: హాజరు, నొప్పులు, రేపటి మాట.

7. ఎక్కువగా కనిపించే తప్పులు, వాటికి మందు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. బ్యాచ్‌లో పదిమందికి పది తప్పులు ఉండవు. నాలుగైదు తప్పులే అందరిలో తిరుగుతుంటాయి.

ఊపిరి బిగబట్టడం. "నాకు స్టామినా లేదండీ" అనేవాళ్ళలో చాలామందికి అసలు సమస్య ఇదే. మొహం నీళ్ళలో ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టి, పైకొచ్చాక వదలడం, పీల్చడం రెండూ అరక్షణంలో చేయబోతారు. లోపలి గాలి బయటికి పోకుండా కొత్త గాలి పట్టదు. మందు: గోడ పట్టుకుని, మునగగానే ముక్కుతో బుడగలు, పైకి రాగానే నోటితో పీల్చడం, 10 సార్లు. ప్రతి వార్మప్ ముందూ చేయించండి. ఈదేటప్పుడు వినాల్సిన మాట ఒకటే: "బుడగలు ఆగకూడదు".

కాళ్ళు కుంగడం. తల లేస్తే కాళ్ళు మునుగుతాయి. ముందుకు కాదు, కిందికి, అడుగున ఉన్న నల్లగీతను చూడమనండి. తర్వాత కాళ్ళు కొట్టే తీరు చూడండి. మోకాలి నుంచి సైకిల్ తొక్కినట్టు కొడుతుంటే తుంటి నుంచి కొట్టించండి, చీలమండలు వదులుగా. పొట్టి ఫిన్స్ వేస్తే ఇది త్వరగా అర్థమవుతుంది. తేడా కనిపెట్టాలంటే పుల్ బాయ్ (తొడల మధ్య పెట్టుకునే తేలే దిమ్మ) ఇచ్చి 50 ఈదించండి. అది పెట్టగానే బాగా వేగం పెరిగితే లోపం చేతుల్లో కాదు, శరీరం నీళ్ళలో ఉన్న తీరులో ఉంది.

ఊపిరికి తల మొత్తం ఎత్తడం. పక్కకు తిప్పాలి, ఒక కన్ను నీళ్ళలోనే ఉండాలి. డ్రిల్: ఒక చెయ్యి ముందుకు చాచి పక్కకు తిరిగి కాళ్ళు మాత్రమే కొట్టడం, ఆరు లెక్కపెట్టి రెండో పక్కకు మారడం. లేన్ 1 వాళ్ళకు ఫిన్స్ లేకుండా ఇది ఇవ్వకండి, మునిగిపోతారు, భయపడతారు.

చెయ్యి తల ముందు అడ్డంగా పడటం. మధ్య గీత దాటి పడితే శరీరం పాములా మెలికలు తిరుగుతుంది, భుజం నొప్పి కూడా వస్తుంది. "మీ తల గడియారంలో 12 అయితే, చేతులు 11 దగ్గర, 1 దగ్గర పడాలి" అని చెప్పండి. మరీ వెడల్పుగా పెడుతున్నామనిపిస్తుంది. గట్టు మీదనుంచి చూస్తే అప్పుడే తిన్నగా ఉంటుంది.

చెయ్యి పొడుగ్గా చాచకుండా గబగబా తిప్పడం. ఒక లెంగ్త్‌కు ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టించండి. తర్వాత క్యాచ్‌అప్ డ్రిల్, అంటే ఒక చెయ్యి వచ్చి ముందున్న చేతిని తాకేదాకా రెండోది కదలకూడదు. మళ్ళీ లెక్క. రెండు మూడు తగ్గితే చాలు. ఇంకా తగ్గించాలని జారుకుంటూ ఆగి ఆగి ఈదడం మొదలుపెడితే అది ఇంకో తప్పు.

బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మోకాలి నొప్పి. పాదాలు బయటికి తిప్పలేనివాళ్ళు మోకాలిని మెలిపెడతారు. మోకాళ్ళు మరీ వెడల్పు చేయనివ్వకండి. నొప్పి ఉంటే ఆ రోజు కాళ్ళు ఫ్రీస్టైల్‌వే కొట్టించండి.

మొదటి లెంగ్త్‌లో పరుగు. సెట్‌లో మొదటిది, చివరిది టైమ్ చూడండి. చివరిది 5 సెకన్లకు మించి వెనకబడితే వచ్చేసారి మొదటి రెండింటికీ వేగం తగ్గించమనండి.

8. గట్టు మీదనుంచి మాట్లాడే తీరు

ఒక్కొక్కరికీ రోజుకు ఒక్క దిద్దుబాటు. రెండోది కనపడినా దాచుకోండి. నీళ్ళలో ఉన్న మనిషికి మూడు సూచనలు చెప్తే ఒక్కటీ చేయలేడు.

ఈదుతున్నప్పుడు అరవకండి. చెవులు నీళ్ళలో ఉంటాయి. గోడ దగ్గర ఆగాక, వంగి, పేరుతో పిలిచి చెప్పండి. పెద్దవాళ్ళను "గారు" అనే పిలవండి. అందరూ వినేలా "మీరు మళ్ళీ అదే చేస్తున్నారు" అంటే అరవై ఏళ్ళాయన నొచ్చుకుంటారు, బయటికి చెప్పరు, మానేస్తారు.

పెద్దవాళ్ళకు కారణం కావాలి. "తల దించండి" కన్నా "తల దించితే కాళ్ళు పైకొస్తాయి, చూడండి" అంటే చేసి చూస్తారు.

చెయ్యి పట్టి చూపించాల్సి వస్తే ముందు అడగండి, ప్రతిసారీ. వీడియో తీయాలంటే వాళ్ళ ఫోన్‌తోనే తీయండి. గ్రూపులో పెట్టకండి. ఒంటినిండా కప్పే కాస్ట్యూమ్ వేసుకున్నవాళ్ళ టైమ్‌ను మిగతావాళ్ళతో పోల్చకండి. బట్ట లాగే నీళ్ళ బరువు తక్కువేమీ కాదు.

9. సెషన్ మధ్యలో వచ్చే తలనొప్పులు

ఆలస్యంగా వచ్చినవాళ్ళు: మెయిన్ సెట్‌లో నేరుగా కలపకండి. 4 లెంగ్త్‌లు నెమ్మదిగా ఈదాక, లేన్‌లో చివరన నిలబెట్టండి.

లేన్ మారనంటున్నవాళ్ళు: వాదించకండి. బయల్దేరే టైమ్ చెప్పి, "మూడుసార్లు వరుసగా అందుకుంటే ఇక్కడే ఉండండి" అనండి. మిగతాది గడియారం చూసుకుంటుంది.

పిక్క పట్టేయడం: గోడ పట్టుకుని, మోకాలు నిటారుగా పెట్టి, పాదం వేళ్ళను తనవైపు లాక్కోవాలి. తగ్గాక ఆ రోజు ఫిన్స్ వద్దు.

మధ్యలో కంగారు: వెల్లకిలా తిరగమనండి, ఊపిరి మెల్లగా వదలమనండి. అందుకోవడానికి పొడుగు కర్రో, కిక్‌బోర్డో అందించండి. ఆ తర్వాత ఇంటికి పంపేయకండి. తక్కువ లోతులో రెండు లెంగ్త్‌లు తేలిగ్గా ఈదించి పంపండి. లేకపోతే మర్నాడు రారు.

ఏప్రిల్, మే నెలలు: పిల్లల సమ్మర్ క్యాంపులతో ఒక లేన్ పోతుంది. రెండు లేన్లతో మెట్ల సెట్ నడుస్తుంది, 2 నిమిషాల 30 సెకన్ల సెట్ నడవదు. ఎండలో పూల్ నీళ్ళు వేడెక్కుతాయి కూడా. గట్టిగా ఈదడానికి 26 నుంచి 28 డిగ్రీలు హాయి. ఓపెన్ వాటర్ పోటీలనే 31 డిగ్రీలు దాటితే జరపరు. నీళ్ళు గోరువెచ్చగా అనిపించిన రోజు మెయిన్ సెట్ సగానికి కోసి, గోడ దగ్గర మంచినీళ్ళు తాగించండి.

ఉపవాసాలు: రంజాన్, కార్తీక సోమవారాలు, అయ్యప్ప దీక్ష. అడిగి తెలుసుకోండి. ఆ రోజు వాళ్ళకు డ్రిల్స్, తేలిక ఈత మాత్రమే. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఉపవాసం రోజు నీళ్ళలోకి దిగకపోవడమే మంచిది.

10. వారం, నెల లెక్క

వారానికి మూడు రోజులైతే ఒకటి టెక్నిక్, ఒకటి ఓపిక, ఒకటి వేగం. రెండే రోజులైతే వేగాన్ని 4 సార్లు 25లో సర్దేయండి.

దూరం, వేగం, విశ్రాంతి. వీటిలో వారానికి ఒక్కటే మార్చండి. 8 సార్లు 50 ఈదుతున్న లేన్ 1 వాళ్ళకు వచ్చేవారం 9 ఇవ్వండి, లేదా విశ్రాంతి 10 సెకన్లు తగ్గించండి. రెండూ కాదు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి తేలిగ్గా నడపండి. ఆరు వారాలకోసారి పరీక్ష మళ్ళీ పెట్టి లేన్లు సర్దండి. పైకి వెళ్ళేవాళ్ళను మెయిన్ సెట్‌లో సగం మాత్రమే పై లేన్‌లో ఈదించి చూడండి.

పోటీ కావాలని అడిగేవాళ్ళు ఉంటారు. అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ పెద్దవాళ్ళ కోసం జరిపే మాస్టర్స్ పోటీల్లో 25 ఏళ్ళ నుంచి ఐదేళ్ళకో గ్రూపు ఉంటుంది. కాబట్టి యాభై ఐదేళ్ళ మనిషి పాతికేళ్ళవాళ్ళతో తలపడనక్కర్లేదు. ఆ సంగతి తెలిస్తే కొందరికి కొత్త ఊపు వస్తుంది.

ఇంటికెళ్ళే ముందు నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి:

- ఎవరు వచ్చారు, ఎవరు వరుసగా రెండుసార్లు రాలేదు. వాళ్ళకు ఫోన్ చేయండి.
- ఏ లేన్‌కు టైమ్ మిగిలింది, ఏ లేన్‌కు చాలలేదు.
- ఒక్కొక్కరికీ ఇచ్చిన ఆ ఒక్క దిద్దుబాటు. వచ్చే సెషన్‌లో మొదట చూడాల్సింది అదే.
- కొత్తగా చెప్పిన నొప్పి, ఏ పక్క భుజమో కూడా.